సైకిలు మీద సుఖాసనం

సైకిలు తొక్కడం రాని మగవాడు మా రామచంద్రపురం చుట్టుపట్ల ఉంటే ఉండొచ్చుగాని, నాకు మాత్రం తగలలేదు. ఏ టైరు ఎన్నాళ్ళు మన్నుతుంది, ఏ రకం చైను సాగదు, ఎవరి కొట్లో పంక్చరు వేయిస్తే మర్నాడు మళ్ళీ గాలి పోదు - ఇలాంటి వాటిమీద అరుగులెక్కి పొద్దుపోయేదాకా వాదించుకున్న పెద్దల్ని నేనెరుగుదును. కాని సీటు గురించి నోరు విప్పినవాడు ఒక్కడూ లేడు. ఆలోచిస్తే కారణం తెలుస్తుంది. టైరు సంగతి ఎత్తితే రోడ్డు సంగతి వస్తుంది. సీటు సంగతి ఎత్తితే దానిమీద ఆనే భాగం సంగతి వస్తుంది. నలుగురిలో అది మర్యాద కాదు.

నేను కాలేజీలో తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి. నాయికను ఆపాదమస్తకం వర్ణించిన పద్యాలను క్లాసునిండా ఉన్న పిల్లల ముందు తడబడకుండా చదివి అర్థం చెప్పేవాణ్ణి. అలాంటివాణ్ణి, నా సొంత ఒంటికి వచ్చిన బాధ చెప్పుకోవలసి వచ్చేసరికి మూడు వారాలు నోరు మూసుకు కూర్చున్నాను. 'కూర్చున్నాను' అని అలవాటుకొద్దీ అంటున్నానుగాని, కూర్చోలేకపోవడమే వచ్చిన తంటా.

జరిగింది ఇది. రెండేళ్ళ కిందట రక్తపరీక్ష చేయిస్తే చక్కెర గీత దాటబోతోందని తేలింది. డాక్టరు నడవమన్నాడు. మా ఊళ్ళో లెక్చరరు పొద్దున్నే నడవడానికి బయల్దేరితే నడక సాగదు. ప్రతి వీధి మొగలోనూ ఒక పాత విద్యార్థి, ప్రతి టీ కొట్టు దగ్గరా ఒక మార్కుల తగాదా. అంచేత సైకిలు మేలనుకున్నాను. పట్నంలో ఒక దుకాణానికి వెళ్ళి, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హేండిలూ, చిటికెనవేలంత టైర్లూ ఉన్న పందెం సైకిలు ఒకటి కొన్నాను. దాని సీటు చూసి మా ఆవిడ, "ఇది కూచోడానికా, కూర తరగడానికా?" అంది. నవ్వేశాను. తరవాత్తరవాత ఆ మాటలోని తత్త్వం బోధపడింది.

మొదటి నెల ద్రాక్షారామం దాకా వెళ్ళి భీమేశ్వరుడి గోపురానికి దణ్ణం పెట్టుకుని వచ్చేవాణ్ణి. రెండో నెల కోటిపల్లి. మూడో నెలలో ఒక ఆదివారం కాకినాడ వెళ్ళి వచ్చాను, రానూపోనూ అరవై కిలోమీటర్ల పైమాట. ఇంటికొచ్చి సైకిలు దిగితే కాళ్ళు బాగానే ఉన్నాయి, ఊపిరి బాగానే ఉంది. కాని రెండు కాళ్ళ నడుమ తిమ్మిరి. కాలు మడిచి ఎక్కువసేపు కూచుంటే పాదం మొద్దుబారుతుంది చూడండి, అచ్చంగా అలాగే. కాని చోటు పాదం కాదు. పాదమైతే నేలమీద నాలుగుసార్లు తాటిస్తే ప్రాణం వస్తుంది. ఇక్కడ తాటించడానికి వీల్లేదు. ఆ తిమ్మిరి మర్నాడు సాయంకాలానికి గాని వదల్లేదు. వదిలాక అక్కడక్కడ ఒరుసుకుపోయి పొక్కులు.

మరో వారం వెళ్ళాను, మళ్ళీ అంతే. మూడో వారమూ అంతే. క్లాసులో నిలబడే పాఠం చెప్పాను. స్టాఫు రూములో కిటికీ దగ్గర నిలబడి పేపర్లు దిద్దాను. ప్రిన్సిపాలు గారు నా చురుకుదనం చూసి ముచ్చటపడ్డారు. రాత్రిళ్ళు మాత్రం నిద్ర పట్టేది కాదు. నలభై అయిదేళ్ళ సంసారికి అక్కడ తిమ్మిరి పట్టి వదలకపోతే ఎలాంటి ఆలోచనలు వస్తాయో పాఠకులకు విడమర్చి చెప్పనక్కరలేదు. చక్కెరకు భయపడి సైకిలెక్కితే, సైకిలు అంతకంటె పెద్ద భయం తెచ్చిపెట్టింది.

ఎవరినీ అడగలేకపోయాను కనక సొంత వైద్యం మొదలెట్టాను. సీటు గట్టిగా ఉంది, మెత్తగా చేస్తే సరిపోతుందనుకున్నాను. సైకిలు కొన్న దుకాణంలోనే జెల్లు నింపిన కవరు ఒకటి, బొటనవేలు లోతుకి దిగబడేది, తెచ్చి తొడిగాను. మొదటి పది కిలోమీటర్లూ పల్లకీ ఎక్కినట్టే ఉంది. ముప్పయ్యో కిలోమీటరు వచ్చేసరికి తిమ్మిరి మునపటికంటె ముందే హాజరైంది.

ఇంక లాభం లేదని మా వీధి చివర సైకిలు షాపు తాత దగ్గరికి వెళ్ళాను. ఆయన అరవై ఏళ్ళుగా అదే చెట్టుకింద సైకిళ్ళు బాగుచేస్తున్నాడు. నేను అటూ ఇటూ మాట్లాడుతూ ఉంటే, ఆయన జెల్లు కవరు మీద బొటనవేలు నొక్కి చూసి నవ్వాడు.

"మాస్టారూ, తవరెప్పుడైనా ఊడ్పుల్లో చేలోకి దిగేరా అండి?"

"చిన్నప్పుడు దిగాను తాతా."

"అడుసులో కాలెడితే ఏటవుద్దండి? కాలేమో కిందకి దిగిపోద్ది, బురదేమో ఏళ్ళ సందుల్లోంచి పైకొత్తాది. ఇదీ అంతేనండి. తవరి ఎవికలు కిందకి దిగిపోతన్నాయి, ఈ మెత్తటిదంతా మజ్జిలోకి పొడుచుకొత్తంది. ఆయ్."

శరీరశాస్త్రం చదివిన డాక్టరు తరవాత నాకు చెప్పినదీ సరిగ్గా ఇదే, మాటలు వేరు. మనం పీటమీద కూచున్నప్పుడు బరువు మోసేవి కటి ఎముక అడుగున ఉండే రెండు బుడిపెలు. అరచేతులు కింద పెట్టుకుని కూర్చుని కాస్త అటూ ఇటూ కదిలితే తగులుతాయి. ప్రకృతి ఆ రెంటినీ బరువు మోయడానికే ఇచ్చింది. వాటి మధ్యనున్న మెత్తటి చోట నరమూ, రక్తనాళాలూ పోతున్నాయి. అది మోయవలసిన చోటు కాదు. సీటు ఆ రెండు ఎముకల కిందా గట్టిగా నిలబడితే గంటలకొద్దీ తొక్కవచ్చు. సీటు ఇరుకైతే ఎముకలు రెండూ అంచులు దాటి జారిపోతాయి, బరువంతా నడిమి చోటుమీద పడుతుంది. మరీ మెత్తనైతే తాత చెప్పిన అడుసు సంగతే. మెత్తదనం వేరు, సుఖం వేరు. బూరుగుదూది పరుపుమీద అరగంట కూచుని, చెక్కబల్లమీద అరగంట కూచుని, ఏది ముందు లేపుతుందో ఎవరికి వారే చూసుకోవచ్చు.

తాత మాట విన్నాక నాకు అటకమీది సీటు గుర్తొచ్చింది. మా నాన్నగారిది. ఆయన పల్లెటూరి బడిపంతులు. రోజూ పన్నెండు కిలోమీటర్లు వెళ్ళి, పన్నెండు కిలోమీటర్లు వచ్చేవారు. ఇరవై రెండేళ్ళు అలా తొక్కారు. ఆ రోజుల్లో ఈ ప్రాంతానికి రైలు లేదు. కాకినాడ - కోటిపల్లి లైను పట్టాలను రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పీకి పట్టుకుపోతే, మళ్ళీ రైలు నడిచింది 2004లో. ఆ మధ్య అరవై ఏళ్ళ పైచిలుకు మా వైపు సంసారాలను ఈడ్చినవి బస్సులూ, కాలవలో పడవలూ, ముఖ్యంగా ఈ నల్ల సైకిళ్ళూ. మద్రాసు పక్క అంబత్తూరు నుంచి హెర్క్యులిస్, ఆసన్సోల్ నుంచి రాలీ, సోనీపట్ నుంచి అట్లాస్ వచ్చేవి. పెళ్ళిళ్ళలో అల్లుళ్ళు వీటికోసమే అలిగేవారు. ఆ బళ్ళమీద ఉండేది ఇంత వెడల్పు తోలు సీటు, వెనక చుట్టలు చుట్టలుగా స్ప్రింగులు.

ఇరవై రెండేళ్ళు మోసిన సీటు నన్ను మోయదా అనుకుని, దుమ్ము దులిపి తాత దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన వద్దంటూనే, ఏదో గొట్టమూ ఏదో క్లాంపూ వెతికి నా పందెం సైకిలుకు బిగించాడు. పదిహేను కిలోమీటర్లు వెళ్ళానో లేదో, తొడలు రెండూ సీటు అంచులకు ఒరుసుకుని మంట. వంగి హేండిలు పట్టుకుంటే సీటు ముక్కు ఎక్కడ గుచ్చుకోకూడదో అక్కడే గుచ్చుకుంది. నాన్నగారు ఎలా తొక్కారు స్వామీ అనుకుంటూ నడిపించుకుని వచ్చాను.

"ఆరు నిటారుగా కూచునేవోరండి. తవరేమో గుర్రప్పందేలోడిలాగ వంగుతున్నారు. సీటు మనిసికి కాదండి మాస్టారూ, కూచునే తీరుకి" అన్నాడు తాత.

అసలు రహస్యం ఇక్కడుంది. నిటారుగా కూచుంటే కటి ఎముక వెనక భాగం, అంటే వెడల్పాటి చోటు, సీటుమీద ఆనుతుంది. దానికి వెడల్పాటి సీటు కావాలి, నిలువునా పడే అదురును మింగడానికి స్ప్రింగులూ కావాలి. ముందుకు వంగినకొద్దీ కటి కూడా ముందుకు దొర్లుతుంది. అప్పుడు ఆనే చోటు ముందుకు జరుగుతుంది, ముందుకు పోయినకొద్దీ ఆ ఎముకలు దగ్గరపడుతూ వస్తాయి. అందుకని వంగి తొక్కేవాడికి సన్నటి సీటు. పాలవాడి సీటు పందెగాడికి పనికిరాదు, పందెగాడి సీటు పాలవాడికి పనికిరాదు. నా పొరపాటల్లా, పందెగాడి సైకిలు కొని పాలవాడిలా సుఖపడదామనుకోవడం.

ఆ రోజు సీటు విప్పి తిరిగి ఇంటికి తెస్తే మా అమ్మ చూసింది. నా వాలకమూ చూసింది. "మీ నాన్న ఆదివారం పొద్దున్న పేపరు ఎలా చదివేవారో గుర్తుందిరా?" అంది. గుర్తుంది. వీధి గుమ్మానికి చేరబడి, నిలబడి చదివేవారు. అది ఆయన దర్జా అనుకునేవాళ్ళం పిల్లలందరమూ. "దర్జా కాదు, పాడూ కాదు. వేసవిలో చెమటకి ఒరుసుకుపోయి పుళ్ళు పడేవి. రాత్రి కొబ్బరినూనె రాసుకుని బోర్లా పడుకునేవారు. ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నారు" అంది. ఆయన పోయి ఆరేళ్ళయింది. అమ్మ ఒట్టు తీసి గట్టుమీద పెట్టింది. మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

డాక్టరు నా సంకోచం చూసి తనే అడిగి తెలుసుకున్నాడు. నరం నలిగితే వచ్చిన తిమ్మిరే అన్నాడు. రెండు వారాలు సైకిలు ముట్టుకోవద్దు, తరవాత మానేయనక్కరలేదు, సీటు మార్చు అన్నాడు. దిగిన కొద్ది నిమిషాల్లో వదిలే తిమ్మిరి 'సర్దుకో' అని చెప్పే హెచ్చరిక. గంటలతరబడి వదలనిది, పదేపదే వచ్చేది, మూత్రంలో మంటో రక్తమో కనిపించేది, గడ్డకట్టి సలిపేది - వీటికి సీటు షాపు కాదు, డాక్టరే దిక్కు. ఈ ఒక్క వాక్యం చదివి ఎవరైనా ఒకరు మొహమాటం విడిచి ఆసుపత్రికి వెళ్తే నేను పడ్డ సిగ్గు దక్కినట్టే.

ఇలా సిగ్గుపడేవాళ్ళు మా జిల్లాలోనే కాదు, అమెరికా పోలీసుల్లోనూ ఉన్నారట. అక్కడ సైకిళ్ళమీద గస్తీ తిరిగే పోలీసులకు ఈ తిమ్మిరి ఉందని తెలిసి, ఉద్యోగుల ఆరోగ్యం చూసే ప్రభుత్వ సంస్థ ఒకటి 90 మందికి ముక్కులేని సీట్లు ఇచ్చి ఆరు నెలలు తొక్కించింది. మొదట్లో తిమ్మిరి లేదన్నవారు నూటికి 27 మంది. ఆరు నెలలయ్యాక 82 మంది. ఆ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. మరి అందరమూ ముక్కు కోసిన సీట్లే కొనుక్కుంటే పోలేదా అంటారేమో. సీటు ముక్కు ఉట్టి అలంకారం కాదు. మలుపుల్లో, గతుకుల్లో తొడలతో బండిని అదుపు చేసేది దానితోనే. గస్తీ తిరిగేవాడికి లేకపోయినా గడుస్తుంది. వందల కిలోమీటర్లు పోయేవాడికి కొంచెమైనా ఉండాలి. అందుకే ఇప్పుడు పొట్టి ముక్కూ, మధ్యలో కోసిన సందూ ఉన్న సీట్లు ఎక్కువగా వస్తున్నాయి. నరం పోయే చోట సీటే లేకుండా చేస్తే ఒత్తిడి ఎక్కణ్ణుంచి వస్తుంది?

అసలు ఈ సీటు వ్యాపారం పుట్టిందే ఒకాయన నొప్పి నుంచి. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లో జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్ అనే ఆయన 1866లో గుర్రపు జీనులూ, తోలు సామానూ చేసే వ్యాపారం పెట్టాడు. 1878లో ఆయన గుర్రం చచ్చిపోయిందిట. ఇంకో గుర్రం కొనే తాహతు లేక ఒక సైకిలు ఎరువు తెచ్చుకున్నాడు. దాని చెక్క సీటు ఆయన ప్రాణం తీసింది. జీనులు కుట్టినవాడు కనక ఊరుకోలేదు. 1882లో తోలు సీటుకు పేటెంటు పుచ్చుకున్నాడు. ఆయన కంపెనీ 1890లలో తెచ్చిన 'బి 17' అనే సీటు ఈనాటికీ తయారవుతూనే ఉంది, కంపెనీ మాత్రం 2002లో ఇటలీవారి చేతికి పోయింది. ఇందులో గమ్మత్తేమిటంటే, అది కొత్తలో చెక్కలాగే ఉంటుంది. మెత్తటి దిండు కాదు, రెండు కొసల మధ్య లాగి కట్టిన తోలు. కొన్ని వందల కిలోమీటర్లు తొక్కాక మన ఎముకలు రెండూ ఆనే చోట రెండు గుంటలు పడి, ఆ సీటు ఇక మనదే అవుతుంది, ఇంకొకడికి పనికిరాదు. కొత్త చెప్పులు కరవడం, తరవాత కాలికి అమరడం లాంటిది.

మా నాన్నగారి సీటూ ఆ జాతిదే. ఎండకు ఆరి బిగుసుకున్నా దానిమీద ఆ రెండు పల్లాలూ స్పష్టంగా కనబడతాయి. మళ్ళీ అటకెక్కించబుద్ధి కాలేదు.

అయితే మా గోదావరి గాలికి తోలు సీటు పెట్టుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. తడిసిన తోలుమీద కూచుంటే అది సాగిపోయి ఉయ్యాల అవుతుంది. వానాకాలం సీటుకు ఒక ప్లాస్టిక్ సంచి తొడిగి ఉంచాలి. దానికోసం చేసిన మైనం అప్పుడప్పుడు పల్చగా పూయాలి. అంతేగాని మెత్తబడుతుందని ఆముదాలూ కొబ్బరినూనెలూ పట్టిస్తే దాని పని అయిపోయినట్టే. అలా సాగదీసుకున్న సీట్లు తాత దగ్గర ఒక గోనెసంచిడు ఉన్నాయి.

ఇక కొలత సంగతి. చెప్పులకు పాదం కొలుచుకుంటాం, చొక్కాకు ఛాతీ కొలిపిస్తాం, సీటు మాత్రం అందరికీ ఒకటే అనుకుంటాం. ఈ కొలతకు పరికరాలేమీ అక్కరలేదు. సరుకులొచ్చే అట్టపెట్టె, లోపల మడతలు మడతలుగా ఉండేది, దాని ముక్కొకటి చాలు. గట్టి పీటమీదో మెట్టుమీదో ఆ అట్ట పరిచి, పల్చటి బట్టలతో దానిమీద కూచుని, పాదాలకింద ఓ ఎత్తు పెట్టుకుని కొంచెం ముందుకు వంగి, ఒక నిమిషం బరువంతా వేయాలి. లేచి చూస్తే రెండు గుంటలు కనబడతాయి. కనబడకపోతే సుద్దముక్క అడ్డంగా రాస్తే పల్లాలు తెల్లగా తేలకుండా మిగులుతాయి. ఒక గుంట నడిమి నుంచి రెండో గుంట నడిమికి స్కేలు పెట్టి కొలవాలి. పెద్దవాళ్ళలో ఇది చాలామందికి 10 నుంచి 15 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. లావూ సన్నానికీ దీనికీ సంబంధం లేదు. బక్కపలచని మనిషికి ఎముకలు దూరంగా ఉండవచ్చు, భారీ మనిషికి దగ్గరగా ఉండవచ్చు. వచ్చిన కొలతకు, వంగి తొక్కేవారు సుమారు 2 సెంటీమీటర్లు కలుపుకోవాలి. నిటారుగా తొక్కేవారు మూడో, నాలుగో కలుపుకోవాలి. అది సీటు వెడల్పు.

నాకు పన్నెండున్నర వచ్చింది. కలిపితే పద్నాలుగున్నర. నా సైకిలుతో వచ్చిన సీటు పదమూడు. తేడా సెంటీమీటరున్నర. మూడు వారాల నిద్ర పాడుచేసినది ఆ సెంటీమీటరున్నర. అది కప్పిపుచ్చడానికి నేను తొడిగిన జెల్లు కవరు దాన్ని రెండింతలు చేసింది.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి, నేను దేవుడి గదిలో పీటమీద అట్టముక్క వేసుకుని కళ్ళు మూసుకుని కూచోవడం చూసి, జపం మొదలెట్టానేమోనని చడీచప్పుడు లేకుండా వెళ్ళిపోయింది.

సీటు కొలత కుదిరినా, బిగించడంలో తేడా వస్తే కొన్నది దండగ. ఎత్తు ఎక్కువైతే ప్రతి తొక్కుకూ నడుము అటూ ఇటూ ఊగి ఒరుపు మొదలవుతుంది. తక్కువైతే బరువు కాళ్ళు పంచుకోవు, మోకాళ్ళూ నొస్తాయి. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మడమ దానిమీద పెడితే కాలు తిన్నగా చాపుకోవాలి. అప్పుడు ముందరి పాదంతో తొక్కితే మోకాలు కాస్త వంగి ఉంటుంది. ఇంకా కచ్చితంగా కావాలనుకునేవారు గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ళ మధ్య ఒక దళసరి పుస్తకాన్ని పైకి నొక్కిపెట్టి, దాని వీపు నుంచి నేలకు కొలుచుకుని, ఆ కొలతను 0.883తో హెచ్చవేసుకుంటారు. పెడళ్ళ ఇరుసు నడిమి నుంచి సీటు పైభాగానికి అంత ఉండాలన్నమాట. నాకు 78కి దాదాపు 69 వచ్చింది. పుస్తకంగా నేను వాడినది నిఘంటువు. ఆ నిఘంటుకర్త ఏ లోకాన ఉన్నాడోగాని నన్ను క్షమించుగాక.

వంపు సంగతికి వస్తే, సీటు ముక్కు పైకి లేస్తే పొడుస్తుంది. కిందికి దిగితే మనిషి ముందుకు జారుతూ బరువంతా మణికట్లమీద పడుతుంది. ముందు సమంగా పెట్టుకుని, అవసరమైతే ఒక పిసరు ముక్కు దించుకోవచ్చు. మా పక్కింటి మేడమీద పనిచేస్తున్న తాపీమేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి సీటుమీద పెట్టి చూస్తే, నాది నెత్తెత్తుకుని ఆకాశం చూస్తోంది. ఒకేసారి అన్నీ మార్చకండి. ఈవేళ ఎత్తు, మరో వారం వంపు, ఆ పైవారం ముందుకో వెనక్కో. లేకపోతే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తెలియదు.

ధర విషయంలోనూ ఒక భ్రమ ఉంది. ఖరీదు పెరిగినకొద్దీ సీటు సుఖంగా ఉంటుందనుకుంటాం. పెరిగేది చాలావరకు సుఖం కాదు, తేలికదనం. నూరు గ్రాములు తగ్గించుకోవడానికి వేలు పోసేవారు పందేలాడేవారు. నాలాంటివాడు ఆ నూరు గ్రాములూ పొట్టలోంచి తగ్గించుకోవడం చవక.

బట్టల గురించి కూడా చెప్పకపోతే నాన్నగారికి అన్యాయం చేసినట్టే. ఆయన బాధ సీటుది కొంత, చెమటది ఎక్కువ. ఉప్పు గాలి, ఉక్క, తడిసిన నూలు బట్ట, దాని కుట్టు - ఈ నాలుగూ కలిస్తే రంపం. సైకిలుకోసమే కుట్టే బిగుతు లాగుల్లో లోపల కుట్టులేని మెత్త ఉంటుంది. ఒకప్పుడు ఆ మెత్తను కొండమేక తోలుతో చేసేవారు, ఇప్పుడు కృత్రిమమైనవి. దానికింద ఇంకో లోబట్ట వేసుకోకూడదు. చాలామంది చేసే తప్పు అది, నేనూ చేశాను. ఏ రోజుకారోజు ఉతకాలి. ఒరుసుకునే చోట ముందే కాస్త లేపనం పూసుకోవాలి. మెత్త లాగులోనే ఉంటే సీటుకు వేరే దిండు ఎందుకు? జెల్లు కవరు మా మనవూరి బంధువు పట్టుకుపోయాడు, తన పాల సైకిలుకు బాగుందంటున్నాడు.

ఆడపిల్లల సంగతి మరీ కష్టం. వాళ్ళకు ఆ ఎముకల మధ్య దూరం సాధారణంగా మగవాళ్ళకంటె ఎక్కువ. సీట్లు చేసినవాళ్ళు చాలాకాలం ఎక్కువగా మగవాళ్ళ కొలతలతోనే చేశారు. మన రాష్ట్రంలో 'బడికొస్తా' పథకం కింద హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చారు. కాలవగట్లమీద బారులుగా ఆ పిల్లలు వెళ్తూంటే కన్నుల పండుగగా ఉండేది. వాళ్ళలో ఎంతమందికి సీటు ఎత్తు సరిచేసి ఇచ్చారో! ఒక పానా, రెండు నిమిషాలు పట్టే పని. మా కాలేజీకి సైకిలుమీద వచ్చే అమ్మాయిలకు ఈ సంగతులు చెప్పమని మా లేడీ లెక్చరరు ఒకావిణ్ణి బతిమాలాను. చెప్పిందిట. మర్నాడు తాత కొట్టు దగ్గర పదకొండు సైకిళ్ళు నిలబడ్డాయి.

చివరికి పద్నాలుగున్నర సెంటీమీటర్ల సీటు, పొట్టి ముక్కు, మధ్యలో సందు ఉన్నది కొన్నాను. రెండు వారాల విశ్రాంతి తరవాత ఇరవై కిలోమీటర్లతో మొదలెట్టాను. మా డెల్టాలో ఇంకో చిక్కుంది, అది ఏ పుస్తకంలోనూ చూడలేదు. కొండ దారుల్లో తొక్కేవాడు ఎత్తు వచ్చినప్పుడల్లా పెడళ్ళమీద లేచి నిలబడతాడు, దిగుడులో కాళ్ళు ఆపుతాడు. సీటుకు, శరీరానికి విరామం దొరుకుతుంది. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తిచేసి నీళ్ళు పారించిన నేల మాది, అరచేతిలా చదును. లేవడానికి కారణం దొరకదు. పైగా సముద్రపు గాలి ఎదురైతే ఇంకా వంగి, కదలకుండా అదే చోట అతుక్కుపోతాం. అందుకని నేనొక నియమం పెట్టుకున్నాను. కాలవ వంతెన కనబడితే చాలు, లేచి నిలబడి తొక్కడం. మా జిల్లాలో కాలవ వంతెనలకు కొదవా?

ఫ్రాన్సులో పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్ళి తిరిగి వచ్చే 1200 కిలోమీటర్ల యాత్ర 1891లో మొదలైంది. తొలిసారి నెగ్గిన షార్ల్ టెర్రాన్‌కు 71 గంటల 22 నిమిషాలు పట్టింది. ఇప్పుడది పందెం కాదు, 90 గంటల్లో పూర్తిచేస్తే చాలు. నాలుగేళ్ళకోసారి జరుగుతుంది, 2023లో జరిగింది, తరవాతది 2027లో. దానికి అర్హత కోసం మన హైదరాబాదువాళ్ళూ 200, 300, 400, 600 కిలోమీటర్లు తొక్కుతున్నారు. 200 అయితే పదమూడున్నర గంటల గడువు. నాకు బ్రెస్ట్ ఆశలేమీ లేవు. అంతర్వేది ఆశ ఉంది.

కిందటి మాఘమాసంలో తెల్లవారుజామునే బయల్దేరాను. ద్రాక్షారామం, కోటిపల్లి, అక్కడ రేవు దాటి ముక్తేశ్వరం, అమలాపురం, రాజోలు, అంతర్వేది. మళ్ళీ అదే దారిన వెనక్కి. నూటయాభై పైచిలుకు. వెళ్ళేటప్పుడు తిమ్మిరి లేదు. సముద్రం చూసి తిరిగి బయల్దేరాక లేదు. ముక్తేశ్వరం చేరి సాయంత్రం పంటు ఎక్కేవరకూ లేదు.

పంటు మీద జనం బాగా ఉన్నారు. నా పక్కన కొబ్బరిబోండాల గెలలు కట్టిన నల్ల సైకిలు పట్టుకుని ఒక పెద్దమనిషి నిలబడ్డాడు, అరవై దాటి ఉంటాయి. నా సీటును అటూ ఇటూ తిరిగి చూశాడు.

"ఏటండి, మజ్జిలో చిల్లడిపోయింది? ఎలక కొట్టేసిందేటండి?"

పంటంతా నవ్వారు. నేనూ నవ్వాను. తరవాత, ఎందుకో తెలియదు, మూడు వారాలు డాక్టరుకు కూడా చెప్పలేనివాణ్ణి, గౌతమి నడిమధ్యన అంతమంది వింటూండగా ఎముకల దగ్గర్నుంచి అట్టముక్క దాకా చెప్పుకుంటూ పోయాను. కొందరు మొహాలు తిప్పుకున్నారు. ఇద్దరు ముగ్గురు దగ్గరికి జరిగారు. బోండాలాయన ఏమీ అనలేదు. ఆయన సీటు చూశాను. చిరిగిన రెగ్జిను, దానిమీద స్పంజి ముక్క, దానిమీద గుడ్డపేలిక, అన్నిటినీ కలిపి నైలాను తాడు.

కోటిపల్లి రేవు దగ్గరపడుతూ జనం ముందుకు కదిలాక ఆయన నా చెవిదగ్గరికి వచ్చాడు.

"ఆ అట్టముక్క సంగతి మళ్ళీ ఓపాలి సెప్పండి మాస్టారూ."

రేవులో టీ కొట్టువాణ్ణి అడిగితే బిస్కెట్ల పెట్టె ఒకటి చింపి ఇచ్చాడు. ఆయన దాన్ని తీసుకుని, అటూ ఇటూ చూసి, మెట్లమీద వెలుతురు తక్కువగా ఉన్న చోట పరుచుకుని కూచున్నాడు. నేను అటు తిరిగి గోదావరిని చూస్తూ నిలబడ్డాను.